నూట ఎనభై పోట్ల గాలి



ఈ పత్రిక చదివే మీలో కొందరి పెద్దలు చెరకు నరకడానికి మారిషస్‌కో, నేటాల్‌కో, ఫిజీకో వెళ్ళినవాళ్ళు. మా పెద్దలు రబ్బరు తోటల్లో పనికి మలయా వెళ్ళారు. మీలో చాలామంది ఇప్పుడిప్పుడే తెలుగు చదవడం నేర్చుకుంటున్నారు. అందుకే ఈసారి ఒక చిన్న వస్తువు గురించి, వీలైనంత చిన్న వాక్యాల్లో రాస్తాను. ఆ వస్తువు గాలి పంపు. చేత్తో టైరుకు గాలి కొట్టే పంపు.

ముందుగా రెండు మాటలు నేర్చుకుందాం. ఇండియాలో "చేతి పంపు" అంటే నేలలోంచి నీళ్ళు తోడే పంపు అనుకుంటారు. టైరుకు వాడేదాన్ని "గాలి పంపు" అనండి. "సైకిల్ పంపు" అన్నా అందరికీ తెలుస్తుంది. ఇక రెండో మాట "గాలి కొట్టడం". టైరులో గాలి తగ్గితే మనం గాలి కొడతాం. చేతకాకపోతే సైకిల్ షాపులో గాలి కొట్టించుకుంటాం. ఈ "కొట్టడం" అనే మాటలోనే చేతుల కష్టం ఉంది. పంపును ఒకసారి తోస్తే ఒక పోటు. రోకలితో వడ్లు దంచేటప్పుడు వేసే దెబ్బనూ పోటనే అంటారు.

నా దగ్గర 1950లలో తయారైన ఒక బి.ఎస్.ఎ. మోటారు సైకిలు ఉంది. ఐర్లండులో 30 ఏళ్ళు దాటిన బండిని పాత బండిగా లెక్కగట్టి రోడ్డు పన్ను తక్కువ వేస్తారు. దీని వయసు అంతకు రెట్టింపు పైమాటే. ఫ్రేముకు రెండు చిన్న కొక్కేలు ఉంటాయి. వాటి మధ్య మూరెడు కంటే కాస్త తక్కువ పొడవున్న పంపు ఒదిగి కూర్చుంటుంది. దాని పిడిలో స్ప్రింగు ఉంది. స్ప్రింగు బిగువు వల్ల ఎంత గతుకుల దారిలో పోయినా పంపు జారిపోదు. వాల్వుకు తగిలించే చిన్న గొట్టం కూడా ఆ పిడిలోనే దాక్కుని ఉంటుంది. ఆ కాలంలో చాలా మోటారు సైకిళ్ళకు పంపు పెట్టే చోటు ఇలా ఉండేది. దారిలో టైరు దిగిపోవడం మామూలే అని బండి చేసినవాళ్ళకూ తెలుసు, కొన్నవాళ్ళకూ తెలుసు.

ఈ రోజుల్లో పంపు ఎందుకు అని మీరు అడగవచ్చు. గ్యాసు నింపిన చిన్న సీసాలు దొరుకుతాయి. ఒక్క క్షణంలో టైరు నిండుతుంది. కానీ ఒక సీసా ఒక్కసారికే. అతుకు సరిగ్గా పడకపోతే ఆ గాలి పోయినట్టే. పంపులో గాలి అయిపోవడం అంటూ ఉండదు. చేతిలో సత్తువ ఉన్నంతసేపూ అది పని చేస్తుంది.

ఐర్లండులో పంపు అవసరం ఎక్కువగా పడేది శరదృతువులో. ఇక్కడి పల్లె దారులకు రెండు పక్కలా ముళ్ళ పొదల కంచెలు ఉంటాయి. హాథార్న్, బ్లాక్‌థార్న్ అనే ముళ్ళ చెట్లే వాటిలో ఎక్కువ. పక్షులు గూళ్ళు కట్టే కాలం కాబట్టి మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా కంచెలు కొట్టకూడదని చట్టం ఉంది. సెప్టెంబరు రాగానే రైతులు ట్రాక్టర్లతో కంచెలు కత్తిరిస్తారు. ముళ్ళు రోడ్డు మీద రాలతాయి. వాన పడితే తడి ఆకుల కింద అవి కనిపించవు కూడా. బ్లాక్‌థార్న్ ముల్లు మన తుమ్మ ముల్లులాగే టైరును తొలుచుకుని లోపలి ట్యూబు దాకా దిగుతుంది.

పోయిన అక్టోబరులో మీత్ జిల్లాలో, ట్రిమ్‌కూ అత్‌బాయ్‌కూ మధ్య ఒక చిన్న దారిలో నా బండికి అదే జరిగింది. వెనక చక్రం మెత్తగా ఊగడం మొదలుపెట్టింది. బండి పక్కకు తీశాను. మీకు ఎప్పుడైనా పనికొస్తుంది కాబట్టి ఏం చేయాలో వరసగా చెబుతాను.

చక్రాన్ని మెల్లగా తిప్పుతూ ముల్లు ఎక్కడ ఉందో చూడాలి. అది దొరికితే చక్రం ఊడదీసే పని లేదు. ముల్లు ఉన్న వైపు మాత్రం టైరు అంచును రెండు ఇనుప పట్టీలతో రిమ్ము మీదికి లేపి, అక్కడి ట్యూబును బయటికి లాగాలి. చిల్లు చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, జిగురు రాసి, అది ఆరేదాకా ఆగాలి. ఆ తరవాత అతుకు వేసి గట్టిగా నొక్కాలి. తొందరపడితే అతుకు నిలవదు. ట్యూబు లోపల పెట్టే ముందు టైరు లోపలి వైపు వేళ్ళతో జాగ్రత్తగా తడమాలి. ఒక ముల్లు ఉన్నచోట రెండోది ఉండవచ్చు. ట్యూబులో ముందే నాలుగైదు పోట్ల గాలి కొడితే అది ముడతపడి టైరు అంచు కింద నలగదు.

ఇక గాలి కొట్టడం. గొట్టాన్ని ముందు వాల్వుకు, తరవాత పంపుకు బిగించాలి. ఒక చేతిని మోకాలికి ఆనించి పంపును కదలకుండా పట్టుకోవాలి. రెండో చేత్తో పిడిని చివరిదాకా లాగి, చివరిదాకా తోయాలి. చిన్న చిన్న పోట్లు వేస్తే అలసటే మిగులుతుంది. నా వెనక టైరుకు నేను ఉంచేది చదరపు అంగుళానికి 24 పౌండ్ల ఒత్తిడి. ఖాళీ టైరునుంచి అక్కడికి చేరడానికి నాకు సుమారు 180 పోట్లు పడతాయి. మొదటి 50 హాయిగా పోతాయి. 100 దాటాక భుజం తెలుస్తుంది. 150 దాటాక పంపు గొట్టం చేతికి వేడిగా తగులుతుంది. గాలిని నొక్కితే అది వేడెక్కుతుంది, ఆ వేడి అదే.

చివరి పోట్లు ఎందుకంత బరువు? దీనికి జవాబు చెప్పినవాడు ఈ దేశంలోనే పుట్టాడు. ఆయన పేరు రాబర్ట్ బాయిల్. 1627లో వాటర్‌ఫర్డ్ జిల్లా లిస్మోర్ కోటలో పుట్టాడు. గాలిని సగం చోటులోకి కుదిస్తే దాని ఒత్తిడి రెట్టింపు అవుతుందని 1662లో ప్రకటించాడు. మీరు బడిలో చదివిన బాయిల్ సూత్రం ఇదే. టైరు ఖాళీగా ఉన్నప్పుడు పంపులోని గాలి సులువుగా లోపలికి పోతుంది. టైరు నిండే కొద్దీ, పంపులోని గాలి ఒత్తిడి టైరులోని ఒత్తిడిని మించితేనే వాల్వు తెరుచుకుంటుంది. అందువల్ల చివర్లో ప్రతి పోటులోనూ సగానికి పైగా గాలిని నొక్కడానికే ఖర్చవుతుంది. మిగిలిన కొంచెమే టైరులోకి పోతుంది.

నేను 120 దగ్గర ఉండగా ఒక రైతు ట్రాక్టరు ఆపాడు. కంచె కొట్టింది తానేనని నవ్వుతూ చెప్పాడు. ఇంట్లో కరెంటు పంపు ఉంది, తెస్తానన్నాడు. వద్దన్నాను. ఆయన కాసేపు నిలబడి నా చేతిలోని పంపు చూశాడు. "మా నాన్న సైకిలుకూ ఇలాంటిదే ఉండేది" అని వెళ్ళిపోయాడు.

అసలు వాడుకలో నిలిచిన గాలి టైరు పుట్టిందీ ఈ దీవిలోనే. బెల్‌ఫాస్ట్ నగరంలో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు ఉండేవాడు. స్కాట్లండులో పుట్టి ఇక్కడికి వచ్చి స్థిరపడినవాడు. ఆయన చిన్న కొడుకుకు మూడు చక్రాల సైకిలు ఉండేది. బెల్‌ఫాస్ట్ రాతి వీధుల్లో గట్టి రబ్బరు చక్రాల మీద ఆ పిల్లవాడి ఒళ్ళు హూనమయ్యేది. 1887లో డన్‌లప్ పల్చటి రబ్బరుతో ఒక గొట్టం చేసి, గుండ్రటి చెక్కకు చుట్టి, ఫుట్‌బాల్ పంపుతో గాలి కొట్టాడు. దాన్నీ, పాత చక్రాన్నీ పెరట్లో దొర్లించి చూశాడు. గాలి ఉన్న చక్రమే ఎక్కువ దూరం పోయింది. 1888లో పేటెంటు తీసుకున్నాడు. అయితే స్కాట్లండుకే చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే ఇలాంటి ఆలోచనకు పేటెంటు పొందాడని తరవాత తేలి, డన్‌లప్ పేటెంటు నిలవలేదు. అయినా వ్యాపారం నిలిచింది. 1889లో డబ్లిన్‌లో కంపెనీ మొదలైంది. డన్‌లప్ బొమ్మను ఉత్తర ఐర్లండులో నార్తర్న్ బ్యాంకు తన 10 పౌండ్ల నోటు మీద అచ్చు వేసింది.

డన్‌లప్ మొదటి గాలి టైరుకు గాలి కొట్టింది కూడా చేతి పంపే. అది నాకు ఇష్టమైన సంగతి. దాని తరవాత జరిగింది మాత్రం అంత ఇష్టంగా చెప్పుకునేది కాదు.

సైకిళ్ళకు, ఆ వెనక మోటారు బండ్లకు టైర్లు కావలసి వచ్చాయి. టైర్లకు రబ్బరు కావాలి. అప్పట్లో రబ్బరు అడవుల్లోంచి వచ్చేది. ఆఫ్రికాలో కాంగోలోనూ, దక్షిణ అమెరికాలో పుటుమాయో నది దగ్గరా రబ్బరు కోసం మనుషులను కొట్టారు, చంపారు. ఆ ఘోరాలను లోకానికి తెలియజేసినవాడు రోజర్ కేస్‌మెంట్. డబ్లిన్ దగ్గర శాండీకోవ్‌లో 1864లో పుట్టాడు. కాంగో మీద ఆయన నివేదిక 1904లోనూ, పుటుమాయో మీద నివేదిక 1912లోనూ అచ్చయ్యాయి. ఐర్లండు స్వాతంత్ర్యం కోసం పనిచేశాడని 1916లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను ఉరి తీసింది. టైరుకు గాలి కొట్టే ప్రయోగం చేసినవాడూ, ఆ టైరు కోసం ఎవరు బాధపడుతున్నారో చెప్పినవాడూ ఇద్దరూ ఈ దీవికి సంబంధించినవాళ్ళే.

ఇంతలో మలయాలో తోటలు లేచాయి. 1876లో హెన్రీ విక్‌హామ్ అనే ఇంగ్లీషువాడు బ్రెజిల్‌నుంచి సుమారు 70,000 రబ్బరు గింజలు లండన్‌కు తెచ్చాడు. మరుసటి ఏడు 22 మొక్కలు సింగపూర్ చేరాయి. వాటిలో కొన్నింటిని పేరాక్‌లోని క్వాలా కాంగ్సార్‌లో నాటారు. చెట్టు చావకుండా బెరడును పల్చగా గీసి పాలు తీసే పద్ధతిని సింగపూర్ తోటల అధికారి హెన్రీ రిడ్లీ నేర్పాడు. 1900 తరవాత మలయాలో అడవులు కొట్టి రబ్బరు వేశారు. గీయడానికి చేతులు కావాలి. ఆ చేతులు మద్రాసు ప్రెసిడెన్సీనుంచి వచ్చాయి. ఎక్కువమంది తమిళులు. వాళ్ళతోపాటు విశాఖపట్నం, గోదావరి, చిత్తూరు వైపులనుంచి తెలుగువాళ్ళు. మలయాలో ఒప్పంద కూలీ పద్ధతి 1910లో ఆగింది. దాని స్థానంలో కంగాణీ పద్ధతి సాగింది. కంగాణీ అంటే తన ఊరికి వెళ్ళి, తెలిసినవాళ్ళను కూడగట్టి తోటకు తెచ్చే మేస్త్రీ. మా ముత్తాత అలా వచ్చినవాడే. 1938లో ఇండియా ప్రభుత్వం కూలీలను అలా పంపడం ఆపేసింది. అప్పటికి మావాళ్ళు అక్కడే ఉండిపోయారు.

ఇదంతా నేను పుస్తకాల్లో చదువుకున్నది. ఇంట్లో ఎవరూ చెప్పలేదు. మా నాన్న పేరాక్‌లో ఒక రబ్బరు తోటలో పుట్టారు. తోట గురించి అడిగితే ఎప్పుడూ ఒకటే మాట: "ఏముంది చెప్పడానికి? కష్టపడ్డాం, బయటపడ్డాం." నేను ఈ పాత బండి కొన్నానని చెప్పినప్పుడు ఆయనకు నచ్చలేదు. "ఆ రబ్బరు కంపు వదలాలనే కదరా మీ నాయనమ్మ నన్ను బడికి పంపింది. నువ్వు డబ్బిచ్చి మరీ చేతులు నల్లగా చేసుకుంటున్నావా?" అన్నారు. ఆయన మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. నాకు ఆదివారపు సరదా అయిన పని వాళ్ళకు బతుకు.

అత్‌బాయ్ దారిలో పంక్చరు పడిన రాత్రి ఫోనులో మాట్లాడుతూ ఆ పంపును నాన్నకు చూపించాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని దగ్గరగా చూశారు.

"తోలుకి నూనె రాశావా?" అని అడిగారు.

పంపు లోపల రాడ్డు చివర చిన్న గిన్నెలాంటి తోలు వాషరు ఉంటుంది. తోసేటప్పుడు దాని అంచు విచ్చుకుని గొట్టానికి అంటుకుంటుంది, గాలి వెనక్కి పోదు. లాగేటప్పుడు ముడుచుకుంటుంది, కొత్త గాలి లోపలికి వస్తుంది. తోలు ఎండిపోతే అంచు విచ్చుకోదు. అప్పుడు ఎన్ని పోట్లు వేసినా గాలి పక్కలనుంచి జారిపోతుంది. ఈ సంగతి పంపును విప్పి చూసినవాళ్ళకే తెలుస్తుంది.

"మీకెలా తెలుసు నాన్నా?"

"కొబ్బరి నూనె రెండు చుక్కలు. వారానికోసారి. ఆ పని నాదే కదా" అన్నారు.

ఆ తరవాత గంటసేపు ఆయనే మాట్లాడారు. వాళ్ళ లైను ఇళ్ళన్నింటికీ కలిపి ఒకటే పంపు ఉండేదట. మేస్త్రీ ఇంటి వసారాలో మేకుకు తగిలించి ఉండేదట. తెల్లవారుజామున నాలుగున్నరకు పనికి పోయే మగవాళ్ళు సైకిళ్ళు తెచ్చి నిలబెట్టేవాళ్ళు. ఎనిమిదేళ్ళ మా నాన్న వాటికి గాలి కొట్టేవారు. సైకిలుకు అయిదు సెంట్లు. ఆ డబ్బులతో పలకా బలపం కొనుక్కున్నారు. నాయనమ్మకు సైకిలు లేదు. నుదుటికి దీపం కట్టుకుని నడిచి పోయేది. రోజుకు నాలుగు వందల చెట్లు గీసేది. కత్తి కాస్త లోతుకు దిగితే చెట్టుకు పుండు పడుతుంది, మేస్త్రీ చేత మాట పడాలి. బడికి పోయే ముందు నాన్న ఆమె వెనకే తిరిగి, నిన్నటి కప్పుల్లో గడ్డకట్టిన రబ్బరు ఏరేవారు. "ఆ వాసన చొక్కాకి పట్టుకునేది. బడిలో నా పక్కన ఎవరూ కూచునేవాళ్ళు కాదు" అన్నారు. ఈ మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు.

అంత పొద్దున్నే ఎందుకు గీసేవాళ్ళని అడిగాను. "ఎండెక్కితే పాలు రావు" అన్నారు. దాని వెనక ఉన్నదీ ఒత్తిడే. రాత్రంతా చెట్టు నీరు పీల్చుకుని బిగిసి ఉంటుంది. తెల్లవారుజామున బెరడులోని పాల నాళాల్లో ఉండే ఒత్తిడి నా టైరులోని గాలి ఒత్తిడికి ఎన్నో రెట్లు. కత్తి గీత పడగానే ఆ ఒత్తిడే పాలను బయటికి తోస్తుంది. ఎండ పెరిగే కొద్దీ ఆకులనుంచి నీరు ఆవిరవుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, పాలు సన్నగిల్లుతాయి. సైన్సు చదవని నాయనమ్మకు ఆ సమయం చేతికి తెలుసు.

ఈనాటి ట్యూబులు ఎక్కువగా బ్యూటైల్ అనే కృత్రిమ రబ్బరుతో చేస్తారు. టైరులో మాత్రం చెట్టు రబ్బరు ఇంకా ఉంటుంది. నా టైరులోని రబ్బరు ఏ దేశంలో ఎవరు గీసిందో తెలిసే దారి లేదు. డన్‌లప్ బొమ్మ నోటు మీద ఉంది, ఉండవలసిందే. నాయనమ్మ గీసిన నాలుగు వందల చెట్ల లెక్క తోట పుస్తకంలో ఒక అంకె. ఆమె సంగతి ఇంకెక్కడైనా ఉందంటే అది మా నాన్న జ్ఞాపకంలోనే. అది కూడా ఇన్నేళ్ళూ మూసి ఉంది.

ఇప్పుడు నేను తోలు వాషరుకు కొబ్బరి నూనే రాస్తున్నాను. ఐర్లండు చలికి అది సీసాలోనే గడ్డకడుతుంది. అరచేతిలో వేసుకుని కరిగేదాకా రుద్దాలి. ఇక్కడి పాత బండ్లవాళ్ళు వేరే నూనెలు వాడతారు, అవీ మంచివే. నాన్న మాత్రం ప్రతి ఆదివారం అడుగుతున్నారు, రాశావా అని. రాశానంటే, ఆ వెంటే తోట సంగతి ఇంకోటి చెబుతున్నారు. మొన్న పాలను ఆమ్లం వేసి గడ్డకట్టించి, రోలరులో వత్తి, పొగ గదిలో ఆరబెట్టడం గురించి చెప్పారు. నేను రాసుకుంటున్నాను.

చివరగా భాష నేర్చుకునే మీకోసం మరో మూడు "గాలి" మాటలు. "గాలి కబుర్లు" అంటే పస లేని మాటలు. "గాలికి వదిలేయడం" అంటే పట్టించుకోకుండా వదిలేయడం. "వాడి గాలి తీసేశారు" అంటే గొప్పలు చెప్పేవాడి గొప్ప అందరి ముందూ దించేశారని. వీటిని ఇంట్లో వాడి చూడండి.

ఇంకొక పని కూడా చేయండి. మీ పెద్దలను "ఆ రోజుల్లో జీవితం ఎలా ఉండేది?" అని అడిగితే చాలాసార్లు జవాబు రాదు. ప్రశ్న పెద్దది. ఏదైనా ఒక వస్తువు చేతికివ్వండి. చెరకు నరికే కత్తి కావచ్చు, పాల బాల్చీ కావచ్చు, మూత ఊడిన టిఫిను డబ్బా కావచ్చు. ఇది ఎలా వాడేవారని మాత్రం అడగండి. వాళ్ళు చెప్పేది తెలుగులో వచ్చినా, మలాయిలో వచ్చినా, క్రియోల్‌లో వచ్చినా, ఇంగ్లీషులో వచ్చినా వచ్చినట్టే రాసుకోండి. ఏ తోట, ఏ ఏడు, ఎన్ని చెట్లు, ఎంత కూలి అనే వివరాలు కూడా రాయండి. ఆ కాగితం మీద తేదీ వేసి, చెప్పినవాళ్ళ పేరు పూర్తిగా రాసి పెట్టండి.